బడిపిల్లల కంటి పరీక్ష: అక్షరాల అట్ట నుంచి కళ్ళద్దాల దాకా

చిన్న వయస్సులో చూపు మందగించిన పిల్లవాడు తనకు సరిగా కనబడటం లేదని సాధారణంగా ఎవరికీ చెప్పడు. లోకం ఇతరులకు ఎంత స్పష్టంగా కనబడుతుందో అతనికి తెలియదు. తనకు కనబడే మసక లోకమే అందరికీ కనబడుతున్నదని అనుకుంటాడు. నల్లబల్లపై రాసినది ఆనకపోతే పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటాడు. అదీ కుదరకపోతే రాయడం మానివేస్తాడు. అప్పుడు ఉపాధ్యాయుడికి అతడు అశ్రద్ధ గలవాడుగానో, మందబుద్ధిగానో తోస్తాడు. తల్లిదండ్రులకు చదువు అబ్బని పిల్లవాడుగా కనబడతాడు. కొన్నాళ్ళకు అతడు కూడా అదే నమ్ముతాడు.

శుక్లం ముదిరిన పెద్దవారు తమంతట తామే ఆసుపత్రికి వస్తారు. పిల్లలు రారు. వారి విషయంలో వైద్యమే బడికి వెళ్ళి వారిని వెతుక్కోవాలి. ఈ ఎరుక వైద్యులకు, ప్రభుత్వాలకు ఎలా కలిగిందో, అది మన ఊళ్ళ బడుల దాకా ఎలా చేరిందో తెలుసుకోవడం అవసరం. ఆ చరిత్రను పరిశీలిస్తే ఒక సంగతి తేటపడుతుంది. చూపులోని దోషాన్ని కనిపెట్టడం నూరేళ్ళకు పైగా సులభంగా, చౌకగా సాధ్యమవుతూనే ఉన్నది. కనిపెట్టిన దోషాన్ని సరిదిద్దే పని మాత్రం దేశదేశాలలో వెనుకబడుతూ వచ్చింది.

చదువుకూ చూపుకూ సంబంధం

1813లో లండనులోని నేత్రవైద్యుడు జేమ్స్ వేర్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. చెల్సీలోని సైనిక పాఠశాలలో ఉన్న 1300 మంది పిల్లలలో దగ్గరి వస్తువులు మాత్రమే స్పష్టంగా కనబడే హ్రస్వదృష్టి ముగ్గురికే ఉన్నట్లు ఆయన గమనించారు. ఆక్స్‌ఫర్డులోని ఒక కళాశాలలోనైతే 127 మంది విద్యార్థులలో 32 మంది దూరపు చూపుకై అద్దాలు వాడుతున్నారు. పుస్తకాలతో ఎక్కువ కాలం గడిపేవారిలో హ్రస్వదృష్టి ఎక్కువగా ఉంటున్నదన్న అనుమానానికి ఇది తొలి ఆధారాలలో ఒకటి.

అయితే అప్పటికి చూపును కొలిచే ఉమ్మడి కొలబద్ద లేదు. ఒక వైద్యుడు పుస్తకంలోని అక్షరాలు చదివిస్తే, మరొకరు గోడమీది రాతలు చదివించేవారు. ఒకరి కొలత మరొకరికి ఉపయోగపడేది కాదు.

స్నెల్లెన్ పట్టిక

ఆ లోటును 1862లో నెదర్లాండ్స్ దేశపు యూట్రెక్ట్ నగరంలో హెర్మన్ స్నెల్లెన్ తీర్చారు. ఆయన ప్రఖ్యాత నేత్రశాస్త్రజ్ఞుడు డాండర్స్ సహచరుడు. నేడు ప్రతి కంటి ఆసుపత్రి గోడపై కనబడే, పైన పెద్ద అక్షరంతో మొదలై క్రిందికి పోను పోను చిన్నవయ్యే పట్టిక ఆయన రూపొందించినదే.

ఆ పట్టిక వెనుక ఉన్న లెక్క సరళమైనది. ఒక డిగ్రీలో 60వ వంతును ఒక నిమిషం అంటారు. నిర్ణీత దూరంలో ఉన్న అక్షరం మొత్తం కంటివద్ద 5 నిమిషాల కోణాన్ని, అందులోని ఒక్కొక్క గీత 1 నిమిషం కోణాన్ని ఏర్పరచాలి. అంతటి సూక్ష్మమైన గీతను విడిగా గుర్తించగలిగితే చూపు బాగున్నట్లే. ఆ ప్రకారం 6 మీటర్ల దూరం నుంచి చదవవలసిన అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువగా ఉంటుంది. దానిని చదివిన వారి చూపు 6/6. మంచి చూపు గలవారు 60 మీటర్ల నుంచి గుర్తించే పెద్ద అక్షరాన్ని 6 మీటర్లకు వస్తేనే గాని గుర్తించలేని వారి చూపు 6/60. పై అంకె నిలుచున్న దూరం. క్రింది అంకె మంచి చూపు గలవారు ఆ అక్షరాన్ని చదవగల దూరం.

అక్షరాలు రానివారి కోసం ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకూ త్రిప్పి ముద్రించిన పట్టిక కూడా వాడుకలోకి వచ్చింది. దాని మూడు కొమ్మలు ఎటువైపు ఉన్నాయో పిల్లలు చేతితో చూపిస్తే చాలు. మన బడులకు ఇది ఎంతో అనువైనది. తెలుగు అక్షరాల పట్టికలు ఉన్నా, మన అక్షరాలు గుండ్రనివి, కొన్ని ఒకదానినొకటి పోలినవి. అన్నిటినీ ఒకే దూరం నుంచి ఒకే తేలికతో గుర్తించలేము. ‘ఈ’ పట్టికకు ఆ చిక్కు లేదు.

ఒక అట్ట, ఒక కొలతాడు, కొంత వెలుగు ఉంటే చాలు, వైద్యుడు కానివారు కూడా చూపును కొలవవచ్చు. బడిపిల్లల కంటి పరీక్షల చరిత్ర అంతా ఈ సౌలభ్యంపైనే నిలిచి ఉన్నది.

పదివేల మంది పిల్లలు

స్నెల్లెన్ పట్టిక వెలువడిన కొద్ది సంవత్సరాలకే హెర్మన్ కోన్ అనే నేత్రవైద్యుడు బ్రెస్లా నగరంలోను, పరిసర గ్రామాలలోను 10,060 మంది విద్యార్థుల కళ్ళను పరీక్షించారు. నాడు ప్రష్యాలో ఉన్న ఆ నగరం నేడు పోలండులో ఉన్నది. కోన్ ఫలితాలు 1867లో గ్రంథరూపంలో వచ్చాయి. గ్రామీణ పాఠశాలలలో హ్రస్వదృష్టి గలవారు 1.4 శాతం మాత్రమే. విశ్వవిద్యాలయానికి సిద్ధంచేసే ఉన్నత పాఠశాలలలో వారు 26.2 శాతం. తరగతి పెరిగిన కొద్దీ హ్రస్వదృష్టి గలవారి సంఖ్య పెరుగుతూ పోయింది.

దీనికి చీకటి గదులు, పిల్లల ఎత్తుకు తగని బల్లలు, సన్నని అచ్చు కారణాలని కోన్ భావించారు. తరగతి గదులలోకి వెలుగు ధారాళంగా రావాలని జీవితాంతం వాదించారు. ఆయన చెప్పిన కారణాలన్నీ నేటి శాస్త్రం ముందు నిలవకపోవచ్చు. కాని పిల్లల కళ్ళను ఆసుపత్రిలో కాక బడిలోనే పరీక్షించాలని, ఒక్కొక్కరినీ కాక తరగతుల వారీగా పరీక్షించి లెక్క కట్టాలని లోకానికి నేర్పిన వారిలో ఆయన ముఖ్యుడు.

చట్టాలు వచ్చాయి, చికిత్స ఆలస్యమైంది

1899లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, బడిపిల్లల చూపును ఉపాధ్యాయులు పరీక్షించాలని చట్టం చేసింది. ఆ దేశంలో ఇటువంటి చట్టం ఇదే మొదటిది. పరీక్ష అట్టలను ప్రభుత్వమే బడులకు సరఫరా చేయాలి. దోషం ఉన్నట్లు తోస్తే తల్లిదండ్రులకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. 1906లో మసాచుసెట్స్ రాష్ట్రం చూపుతో పాటు వినికిడి పరీక్షను కూడా విధించింది. ఉత్తరం ఇంటికి చేరిన తరువాత కళ్ళద్దాలు కొనే భారం మాత్రం తల్లిదండ్రులదే.

ఇంగ్లండు అనుభవం మనకు మరింత బోధిస్తుంది. బోయర్ యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి వచ్చిన యువకులలో అనేకులు దేహదారుఢ్యం లేక తిరస్కరింపబడడంతో ఆ దేశం కలవరపడింది. ఫలితంగా 1907లో వచ్చిన విద్యా చట్టం బడిపిల్లల వైద్య పరీక్షను స్థానిక విద్యాధికార సంస్థలకు విధిగా చేసింది. పరీక్ష విధి అయినా చికిత్స విధి కాలేదు. వైద్యులు బడులకు వెళ్ళి చూపు తగ్గినవారిని, చెవుల్లో చీము కారుతున్నవారిని, పళ్ళు పుచ్చినవారిని పట్టికలలో నమోదు చేశారు. మరుసటి పరీక్షలో అవే పేర్లు, అవే దోషాలు మళ్ళీ ఎదురయ్యేవి. 1909లో వచ్చిన మరొక చట్టం చికిత్స ఖర్చును తల్లిదండ్రుల నుంచి రాబట్టుకోమన్నది. 1912 నుంచి చికిత్సకు కేంద్ర ప్రభుత్వ సహాయధనం లభించసాగింది. చివరికి 1918 విద్యా చట్టంతోనే ప్రాథమిక పాఠశాలల పిల్లలకు చికిత్స ఏర్పాటు చేయడం కూడా విధి అయింది. కనిపెట్టడం ఎంత ముఖ్యమో సరిదిద్దడం అంత ముఖ్యమని చట్టం అంగీకరించడానికి సంపన్న దేశానికే 11 సంవత్సరాలు పట్టింది.

మన దేశంలో

భారతదేశంలో బడిపిల్లల వైద్య పరీక్ష 1909లో బరోడా నగరంలో ప్రారంభమైనది. స్వదేశీ సంస్థానం వేసిన ఆ అడుగు దేశమంతటా విస్తరించలేదు. 1946లో భోర్ కమిటీ తన నివేదికలో, మన దేశంలో పాఠశాల ఆరోగ్య సేవలు దాదాపుగా లేవనే తేల్చింది. స్వాతంత్ర్యానంతరం 1960లో కేంద్ర ప్రభుత్వం శ్రీమతి రేణుకా రాయ్ అధ్యక్షతన పాఠశాల ఆరోగ్య కమిటీని నియమించింది. 1961లో ఆ కమిటీ నివేదిక సమర్పించింది.

ఆ కాలంలో కళ్ళద్దాల అవసరం వెనుకబడడానికి ఒక బలమైన కారణం ఉన్నది. చూపును మసకబరచే దోషాల కంటె చూపును పూర్తిగా హరించే వ్యాధులే అప్పుడు వైద్యుల ముందు నిలిచాయి. ట్రకోమా నివారణకు 1963లో జాతీయ కార్యక్రమం మొదలైంది. విటమిన్ ఎ లోపంతో పిల్లలకు రేచీకటి వచ్చేది. తెల్లగుడ్డుపై నురుగు వంటి మచ్చలు ఏర్పడేవి. లోపం తీవ్రమైనప్పుడు, ముఖ్యంగా తట్టు పోసిన తరువాత, నల్లగుడ్డు కరిగిపోయి శాశ్వతంగా చూపు పోయేది. ఈ విషయంలో హైదరాబాదుకు గౌరవస్థానం ఉన్నది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞుల పరిశోధనల ఆధారంగా 1970లో చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదులో విటమిన్ ఎ ద్రావణాన్ని నోటిద్వారా ఇచ్చే జాతీయ కార్యక్రమం ఆరంభమైంది.

1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ఏర్పడింది. అందులో అధిక భాగం శ్రమ, ధనం శుక్లాల శస్త్రచికిత్సలకే వెళ్ళాయి. దేశంలో అంధత్వానికి అదే ప్రధాన కారణం కనుక అది సహజమే. ఆ కార్యక్రమంలో భాగంగానే క్రమేణా బడిపిల్లల కంటి పరీక్షలకు ఒక పద్ధతి ఏర్పడింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు 6 మీటర్ల దూరం నుంచి 6/9 పరిమాణం గల ‘ఈ’ అక్షరాల కార్డు చూపిస్తాడు. ఏ ఒక్క కంటితో చదవలేకపోయినా ఆ విద్యార్థిని నేత్ర సహాయకుని వద్దకు పంపుతారు. అతడు మళ్ళీ పరీక్షించి, అవసరమైన అద్దాల పవరు నిర్ణయిస్తాడు. పేద పిల్లలకు కళ్ళద్దాలు ఉచితం.

మహబూబ్‌నగర్ చెప్పిన లెక్క

ఈ ఏర్పాట్ల వలన పల్లెలకు ఎంత మేలు జరిగిందో 2000, 2001 సంవత్సరాలలో మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలలో జరిగిన ఒక పరిశోధన వెల్లడించింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 7 నుంచి 15 సంవత్సరాల వయస్సు గల 4,074 మంది పిల్లలను పరీక్షించారు.

అద్దాలు లేకుండా చూసినప్పుడు, రెండింటిలో మెరుగైన కంటితో కూడా 6/12 లేక అంతకంటె తక్కువ చూపు ఉన్నవారు 2.7 శాతం. వారు మామూలుగా తిరిగే స్థితిలో, అంటే అద్దాలు ఉన్నవారు పెట్టుకుని చూసినప్పుడు, 2.6 శాతం. సరియైన అద్దాలు అమర్చి చూసినప్పుడు 0.78 శాతం.

ఈ అంకెలను 10,000 మంది పిల్లలకు అన్వయించి చూద్దాము. చూపు తగ్గినవారు 270 మంది. అద్దాలతో బాగుపడగలవారు 192 మంది. అప్పటికే అద్దాలతో బాగుపడినవారు 10 మంది. అంటే కళ్ళద్దాలు పెట్టుకుంటే నల్లబల్ల కనబడే పిల్లలు 19 మంది ఉంటే, వారిలో ఒక్కరికే అవి అందాయి. అదే కాలంలో అదే పద్ధతిలో ఢిల్లీ నగరంలో జరిగిన పరిశోధనలో ఈ అంకెలు వరుసగా 6.4, 4.9, 0.81 శాతం. అక్కడ సుమారు నలుగురిలో ఒకరికి అద్దాలు అందాయి. స్నెల్లెన్ పట్టిక పుట్టి అప్పటికి దాదాపు 140 సంవత్సరాలు. లోపించినది విజ్ఞానం కాదు, అద్దం పిల్లవాని ముఖం మీదికి చేరే మార్గం.

పెట్టెలో దాగిన అద్దాలు

అద్దాలు ఇచ్చినంతనే పని ముగిసినట్లు కాదని కూడా అనుభవం నేర్పింది. మెక్సికోలో ఉచితంగా కళ్ళద్దాలు పొందిన 493 మంది పిల్లలను ఏడాదిన్నర లోపు ముందుగా చెప్పకుండా వెళ్ళి చూడగా, వాటిని పెట్టుకుని ఉన్నవారు 13.4 శాతమే. ఆ పరిశోధన 2006లో ప్రచురితమైంది.

మన పల్లెలలో కారణాలు వైద్యులందరికీ పరిచితమే. నా ఉద్యోగకాలంలో బడులకు వెళ్ళినప్పుడు ‘అద్దాలు ఏవి?’ అని అడిగితే, పిల్లలు తల దించుకునేవారు. తోటివారు ‘సోడాబుడ్డి’ అని పిలుస్తారని కొందరు, ఆటలో విరిగితే ఇంట్లో తంతారని కొందరు, పండుగకు పెట్టుకోవాలని అమ్మ పెట్టెలో దాచిందని కొందరు చెప్పేవారు. ఆడపిల్లల విషయంలో పెళ్ళి సంబంధాలకు అడ్డమవుతాయన్న భయం తల్లిదండ్రులను వెనుకకు లాగేది. ఇంకొక అపోహ కూడా బలంగా ఉండేది. అద్దాలు పెట్టుకుంటే పవరు ఇంకా పెరుగుతుందన్నదే అది. ఎదిగే వయస్సులో కనుగుడ్డు పొడవు పెరగడం వలన పవరు పెరుగుతుంది గాని, సరియైన అద్దాల వలన కాదు. ఆకుకూరలు, క్యారట్లు విటమిన్ ఎ లోపాన్ని నివారిస్తాయి, కాని హ్రస్వదృష్టిని పోగొట్టలేవు.

ఇటీవలి ప్రయత్నాలు

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి పరీక్షించాలి. చూపు దోషాలు కూడా ఆ పరీక్షలో భాగమే. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో తెలంగాణ ప్రభుత్వం అన్ని వయస్సుల వారికీ కంటి వెలుగు కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనంతపురంలో అదే పేరుతో ఒక పథకం ప్రారంభించి, తొలి దశలను బడిపిల్లలకే కేటాయించింది. రెండింటిలోనూ పరీక్షతో పాటు ఉచిత అద్దాలు కూడా ఉండటం సరియైన ఆలోచన.

అయితే ఇటువంటి కార్యక్రమాలు ఒక ఉద్యమంగా వచ్చి వెళ్ళిపోతే చాలదు. ఈ సంవత్సరం సరిపోయిన అద్దం రెండేళ్ళ తరువాత సరిపోదు. ఈ సంవత్సరం బాగున్న కన్ను వచ్చే సంవత్సరం మసకబారవచ్చు. బడిలో కంటి పరీక్ష ఏటేటా జరుగవలసిన పని.

వయస్సు విషయం మరొకటి. బడి పరీక్షలు చాలాకాలం 10 నుంచి 14 సంవత్సరాల వారిపైనే దృష్టి నిలిపాయి. ఆ వయస్సులో హ్రస్వదృష్టి బయటపడుతుంది. కాని మెల్లకన్ను వలన గాని, రెండు కళ్ళ పవరులో హెచ్చు తేడా వలన గాని మెదడు ఒక కంటిని ఉపయోగించడం మానివేసే స్థితి అంతకు ముందే ఏర్పడుతుంది. దీనిని వాడుకలో సోమరి కన్ను అంటారు. శైశవంలో కన్ను మూసి ఉంచితే మెదడులోని దృష్టి కేంద్రం ఎదుగుదల దెబ్బతింటుందని జంతువులపై నిరూపించిన హ్యూబెల్, వీజెల్‌లకు 1981లో నోబెల్ బహుమతి లభించింది. చికిత్స ఏడెనిమిది సంవత్సరాల లోపు ఆరంభిస్తే ఫలితం బాగా ఉంటుంది. పదేళ్ళు దాటాక కనిపెడితే పూర్తి చూపు రావడం కష్టం. కావున ఒకటవ తరగతిలో చేరేనాటికే ప్రతి బిడ్డకూ ఒక కంటి పరీక్ష జరిగి ఉండాలి.

ఇక హ్రస్వదృష్టి నేడు ప్రపంచమంతటా పెరుగుతున్నది. ఇక్కడ కోన్ వాదనలోని వెలుగు మరొక రూపంలో తిరిగి వచ్చింది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడులలో ఒకటవ తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళలో వారిలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, మిగిలిన బడులలో 39.5 శాతం. 2015లో వెలువడిన ఈ ఫలితం పిల్లల ఆటస్థలం వారి కళ్ళకు కూడా అవసరమని తెలుపుతున్నది.

మనం చేయవలసినది

ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ క్రింది విషయాలు గమనించాలి.

పరీక్ష దూరాన్ని కొలతాడుతో కొలిచి నేలపై గీత గీయాలి. అడుగుల అంచనా పనికిరాదు. అట్టపై వెలుగు బాగా పడాలి. ఒక్కొక్క కంటిని విడిగా పరీక్షించాలి. రెండు కళ్ళూ తెరచి చదివిస్తే, ఒక కన్ను పూర్తిగా కనబడని పిల్లవాడు కూడా తప్పించుకుంటాడు. కంటిని అరచేతితో మూయాలి గాని నొక్కరాదు, వ్రేళ్ళ సందులనుంచి చూడనీయరాదు. ముందువారి జవాబులు విని అప్పజెప్పకుండా ప్రతిసారీ కార్డును త్రిప్పాలి.

పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకోవడం, కళ్ళు చికిలించడం, తల ఒక ప్రక్కకు వంచి చూడడం, తరచు కళ్ళు నులుముకోవడం, తలనొప్పి, మెల్లకన్ను ఉంటే బడి పరీక్ష కోసం ఎదురుచూడక వైద్యునికి చూపించాలి. దూరపు చూపు పరీక్షలో ఉత్తీర్ణులైనా దగ్గరి పనిలో ఇబ్బంది పడేవారికి దీర్ఘదృష్టి ఉండవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. అద్దాలు అవసరమని తేలిన ప్రతి విద్యార్థి పేరు ప్రక్కన హాజరు పట్టికలో ఒక చిన్న గుర్తు పెట్టాలి. నెల తరువాత ఆ అద్దాలు వచ్చాయా, వస్తే పెట్టుకున్నాడా, విరిగితే బాగుచేయించారా అని ఉపాధ్యాయుడు చూడాలి. తరగతిలో ఎవరైనా హేళన చేస్తే అక్కడే ఆపాలి. దీనికి ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు.

ఎంతమంది పిల్లలను పరీక్షించామన్న సంఖ్య నివేదికలకు ఎక్కుతుంది. ఎంతమంది పిల్లలు ఈ రోజు అద్దాలు పెట్టుకుని తరగతిలో కూర్చున్నారన్న సంఖ్యను ఆ ఊరి ఉపాధ్యాయుడే లెక్కించగలడు. బడిపిల్లల కంటి పరీక్ష ఫలించిందో లేదో ఆ రెండవ సంఖ్యే చెబుతుంది.